మావ బారలు, తమ్ముడి అంకెలు

తమ్ముడు పోయిన ఐదో నెలలో వాడి పేర ఒక మెయిల్ వచ్చింది. వాడి మెయిల్ నా షాపు కంప్యూటర్లో తెరిచే ఉండేది. ఆఖరిసారి వాడు కూర్చున్నది ఆ కంప్యూటర్ ముందే. దాన్ని మూసెయ్యాలని నాకు తోచలేదు, ఉంచాలని కూడా అనుకోలేదు. అలా ఉండిపోయింది.

నాకు బరంపురంలో చిన్న డీటీపీ షాపు ఉంది. పెళ్ళికార్డులు, గృహప్రవేశం కార్డులు, రేషన్ దరఖాస్తులు, కాలేజీ పిల్లల ప్రాజెక్టులు, ఇవే పని. తెలుగు, ఒడియా, ఇంగ్లీషు మూడూ టైపు చేస్తాను. తమ్ముడి పెద్దకర్మ కార్డు కూడా నేనే చేశాను. ఫోటో చుట్టూ అంచు కట్టి, తిథి సరిచూసి, మా పిన్ని పేరులో దీర్ఘం తప్పితే దిద్ది, ఇరవై నిమిషాల్లో ప్రింటుకి ఇచ్చేశాను. ఎవరి కార్డుకైనా అంతే పడుతుంది. ఆ రోజు షాపులో ఉన్న ఒడియా ఆవిడ తన కొడుకు ఆధార్ కాగితం కోసం పక్కనే నిలబడి ఉంది. కార్డు అయ్యాక ఆవిడ పని చేసి పంపించాను. ఏడవలేదు. తర్వాత కూడా పెద్దగా ఏడవలేదు. పచ్చకామెర్లు ముదిరి మూడు వారాల్లో పోయాడు. ఆ మూడు వారాల్లో నాలో ఏదో ఆగిపోయింది, మళ్ళీ మొదలవలేదు. అన్నం తినేదాన్ని, షాపు తీసేదాన్ని, అమ్మకి మందులు ఇచ్చేదాన్ని. అన్నీ జరిగేవి.

మాది గోపాలపూర్. నాన్న ఉన్నప్పుడు మాకు పడవ ఉండేది. ఆయన పోయాక అమ్మ ఎండుచేపలు అమ్మి మా ఇద్దర్నీ చదివించింది. నేను బరంపురం వచ్చి షాపు పెట్టుకున్నాక అమ్మ నా దగ్గరే ఉంటోంది. మా మావ, అంటే అమ్మ తమ్ముడు, ఇప్పటికీ గోపాలపూర్లోనే ఉంటూ ఫైబర్ బోటు మీద వేటకి వెళ్తాడు. తమ్ముడు విశాఖలో బోటు సామాన్లు బాగుచేసే షాపులో నాలుగేళ్ళు పని చేసి, అది మానేసి ఇంటికి వచ్చాడు. వచ్చాక నా షాపులో ప్రింటర్లు చూసుకునేవాడు. మిగతా టైమంతా మావ మిషనుతో కుస్తీ పట్టేవాడు.

ఆ మిషను సంగతి చెప్పాలి. బోటు అడుగున బిగించే చిన్న డబ్బా అది. నీళ్ళలోకి శబ్దం పంపి, అది తిరిగొచ్చే టైముని బట్టి లోతెంతో, మధ్యలో చేపలున్నాయో లేదో చెబుతుంది. మావ దాన్ని ఎవరి దగ్గరో పాతది కొన్నాడు. కొన్న ఏడాదికి దాని తెర పగిలిపోయింది. కంపెనీవాళ్ళు ఆ రకం తెరలు చెయ్యడం మానేశారు, డబ్బా మాత్రం బానే ఉంది. పాత లాప్‌టాప్‌కి ఆ డబ్బాని కలిపి, సముద్రం పటాలు చూపించే ఒక ఉచిత సాఫ్ట్‌వేర్లో లోతు కనబడేలా చెయ్యాలని తమ్ముడు పట్టుకున్నాడు. ఆ సాఫ్ట్‌వేర్ ఎవరి సొత్తూ కాదు. ఎక్కడెక్కడివాళ్ళో కలిసి రాస్తారు, ఎవరైనా తీసుకోవచ్చు, లోపల ఏముందో చదవొచ్చు, మార్చి మళ్ళీ పదిమందికీ ఇవ్వొచ్చు. కానీ మావ డబ్బా మాట దానికి రాదు. ఆ మాట నేర్పే ముక్కని డ్రైవర్ అంటారు. తమ్ముడు అది రాశాడు. రాసి, వాళ్ళకి పంపించాడు. అది మావ ఒక్కడి కోసం కదరా అంటే, "లేదప్పా, ఇలాటి డబ్బాలు ఊరూరా పడున్నాయి" అన్నాడు. మా వైపు అక్కని అప్ప అంటాం.

మెయిల్ ఆ సాఫ్ట్‌వేర్ వాళ్ళ దగ్గర్నుంచి. నువ్వు పంపిన డ్రైవర్ని అందరికీ ఇచ్చే దాంట్లో కలుపుదామనుకుంటున్నాం, కొన్ని సంగతులు అడగాలి, ఉన్నావా అని.

నేను వాడి అక్కనని, వాడు ఎక్స్‌పైర్డ్ అని జవాబు రాశాను. దరఖాస్తుల్లో అలాగే రాస్తాం. వేరే మాట తట్టలేదు.

మర్నాడు రెండు వాక్యాల్లో సంతాపం వచ్చింది. వారం తర్వాత, ఇలాంటప్పుడు అడుగుతున్నందుకు క్షమించమంటూ, ఇంకో పెద్ద మెయిల్ వచ్చింది. రాసిన మనిషి ఆడో మగో నాకు తెలీదు, ఇప్పటికీ అడగలేదు. ఆ మెయిల్‌ని నాలుగుసార్లు చదివితే గాని అర్థం కాలేదు. మూడు ప్రశ్నలున్నాయి.

మొదటిది. డబ్బా పంపే అంకెలకి ఎంత లోతని అర్థమో చెప్పే పట్టిక ఒకటి తమ్ముడి ఫైల్లో ఉంది. ఆ పట్టిక మాదేనని డబ్బా చేసిన కంపెనీ ఈ సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఉత్తరం రాసింది. బయట ఎవరికీ చూపించబోమని సంతకం పెట్టినవాళ్ళకే తాము ఆ వివరాలు ఇస్తామని, ఇతను దొంగదారిన తీసి ఉంటాడని. రెండోది. డబ్బాకి కరెంటు ఇచ్చిన ప్రతిసారీ దాన్ని లేపడానికి లోపలికి పంపాల్సిన ఒక ఫైలుంది. తమ్ముడు దాన్ని కూడా కలిపి పంపాడు, అది ఎవరిది? మూడోది. ఏ షరతు మీద ఇస్తున్నాడో తమ్ముడు తన ఫైళ్ళ మీద ఎక్కడా రాయలేదు. రాయకపోతే చట్టం ప్రకారం అది పూర్తిగా అతనిదే, ఇంకెవరూ ముట్టుకోకూడదు. ఇప్పుడు అతని వారసులెవరో వాళ్ళు ఒప్పుకోవాలి.

కావాలంటే ఇవేమీ చెప్పనక్కర్లేదు, డ్రైవర్ని తీసేస్తాం, మీకు ఏ ఇబ్బందీ రాదు అని చివర్లో రాశారు.

తీసెయ్యండి అని రాయడానికి ఒక నిమిషం పట్టేది. ఎందుకు రాయలేదో చెప్పలేను. మా తమ్ముణ్ణి దొంగ అన్నారని కోపం వచ్చిందా అంటే రాలేదు. నిజంగా తీశాడేమో, నాకేం తెలుసు అనుకున్నాను. బోటు సామాన్ల షాపులో నాలుగేళ్ళున్నాడు, అలాంటి కాగితాలు వాడి కంట పడే ఉంటాయి. ఆ ఆలోచన వచ్చినప్పుడు కూడా నాకేం అనిపించలేదు. అప్పుడే, ఇది బాగాలేదు అని తెలిసింది. సొంత తమ్ముడి మీద అనుమానం వస్తే మనిషికి ఏదో ఒకటి అనిపించాలి కదా.

విశాఖలో వాడి పాత ఓనరుకి ఫోన్ చేశాను. ఆయన ముందు తమ్ముడి గురించి బాధపడ్డాడు, తర్వాత సంగతంతా విన్నాడు.

"ఆ కంపెనీ కాగితం మీద సంతకం పెట్టింది నేనమ్మా. వాళ్ళిచ్చిన వివరాలు నా దగ్గరున్నాయి. కానీ అవి వచ్చింది మీవాడు మానేసిన తర్వాత. వాడు చూసే వీలే లేదు."

"ఆ మాట రాసిస్తారా సార్?"

"రాసివ్వలేనమ్మా. రేపు వాళ్ళు నాకు సామాను ఆపేస్తే షాపు మూసుకోవాలి. నీకు చెప్తున్నాను, అంతే."

సరే సార్ అని పెట్టేశాను.

వాడి సామాన్లు ట్రంకు పెట్టెలో పెట్టి అటక మీద ఉంచాం. ఒక ఆదివారం దింపాను. బట్టలు అమ్మ అప్పటికే ఎవరికో ఇచ్చేసింది. పెట్టెలో వైర్లు, స్క్రూడ్రైవర్లు, ఒక సీడీ, మూడు పుస్తకాలు ఉన్నాయి. రెండు పుస్తకాల్లో నాకు అర్థం కాని కోడ్ ఉంది. మూడో పుస్తకంలో ప్రతి పేజీకీ మధ్యలో గీత గీసి ఉంది. ఎడమ పక్కన మావ అని, కుడి పక్కన డబ్బా అని. మావ కింద మూడు, నాలుగు, ఏడున్నర, ఇలా చిన్న అంకెలు. డబ్బా కింద నాకు తలాతోకా తెలియని అక్షరాలూ అంకెలూ. మొదటి పేజీలో పైన రాశాడు: మావ ఒక బార అంటే ఐదడుగుల ఏడంగుళాలు, టేపుతో కొలిచాను.

పుస్తకం పట్టుకుని గోపాలపూర్ బస్సెక్కాను. మావ ఒడ్డున వల బాగుచేసుకుంటున్నాడు. చూపించాను. చదువు రాదు గాని, అంకెలు గుర్తుపడతాడు.

"అవునే, కొలిసినాడు. ఒడ్డున నిలబెట్టి రెండు సేతులూ బార్లా సాపమని, టేపెట్టినాడు. అందరూ నవ్వినారు."

"ఎందుకు మావా?"

"మరి నాను తాడుతో సూస్తాను కదా లోతు. ఇనప గుండు కట్టి తాడు ఒదిలి, గుండు ఆనగానే పైకి లాగి బారలు ఎంచుతాను. నాను ఎంచి సెప్పడం, ఆడు ఆ డబ్బాలో ఏటొచ్చిందో సూసి రాయడం. పది పన్నెండు రోజులు తిరిగినాం. ఏట మానీసి."

"డబ్బా ఏం చెప్తోందో కనిపెట్టడానికా?"

"ఏటో. ఆడు సెప్పినాడు గాని నాకు బుర్రకెక్కలేదు. ఇది మాటాడేది నేర్సుకోవాల మావా అనీవోడు."

కంపెనీ దగ్గర తీసుకోకుండా, సముద్రాన్ని తాడుతో కొలిచి, ఒక్కో అంకెకీ అర్థం కట్టుకున్నాడన్నమాట. ఈ సంగతి తెలిసినప్పుడు సంతోషపడాల్సింది. నేను పుస్తకం మూసి, మావ ఇచ్చిన టీ తాగాను. మావ మళ్ళీ వల చేతిలోకి తీసుకుని, తల ఎత్తకుండా, "బరువు తగ్గిపోనావే" అన్నాడు.

పుస్తకం పేజీలన్నీ షాపులో స్కాన్ చేశాను. తెలుగులో ఉన్న మాటలకి పక్కన ఇంగ్లీషులో అర్థం టైపు చేశాను. బార అన్న మాటకి రెండు చేతులూ చాచినంత పొడవు అని రాశాను. పంపించాను. మా మావ చెప్పిందీ రాశాను. ఓనరు సంగతి రాయలేదు, ఆయన నాకు మాత్రమే చెప్పాడు కాబట్టి.

పది రోజులకి జవాబొచ్చింది. వాళ్ళు పుస్తకాన్ని ఫైల్లో పట్టికతో వరుసవరుసా పోల్చి చూశారట. అన్నీ సరిపోయాయి. ఒకచోట మాత్రం ఏదో తేడాగా ఉంది, పద్నాలుగు బారల దగ్గర తమ్ముడి అంకె ముందువెనకల వాటితో పొసగడం లేదు, అది పొరపాటై ఉంటుంది, మీకేమైనా తెలుసా అని అడిగారు.

మావకి ఫోన్ చేశాను. పద్నాలుగు బారలనగానే గుర్తొచ్చింది.

"ఆయేల నీటిలాగుడు ఎక్కువున్నాది. గుండు తిన్నగా దిగలేదు, తాడు ఒంకరగా ఎల్లిపోనాది. పద్నాలుగన్నాను గాని పన్నెండే ఉంటాది. మళ్ళీ ఏద్దాం రా అన్నాను. ఆడికి డోకులొచ్చి బోటులో పడున్నాడు. రాసీసాను మావా, ఒదిలీ అన్నాడు."

వాడికి చిన్నప్పట్నుంచీ సముద్రం పడదు. పడవ వాళ్ళింట్లో పుట్టి బోటెక్కితే కక్కుతాడని ఊళ్ళో నవ్వేవాళ్ళు. పది పన్నెండు రోజులు ఎలా వెళ్ళాడో. ఆ మాట మావని అడిగాను.

"నిమ్మకాయ పట్టుకుని ఎల్లీవోడు" అన్నాడు మావ.

అదీ రాసి పంపాను, నిమ్మకాయ తప్ప. ఆ తప్పు అంకె గురించి వాళ్ళు కంపెనీని అడిగారట. మీ పట్టికలో ఆ చోట ఏముంది, ఇదే తప్పు మీ దాంట్లో కూడా ఉందా అని. కాపీ కొట్టినవాడి దగ్గర తప్పు కొత్తగా పుట్టదు కదా. కంపెనీ నుంచి ఉత్తరం రాలేదు. మళ్ళీ అడిగితే, ఆ విషయాన్ని మేము ముందుకు తీసుకెళ్ళడం లేదని ఒక్క లైను వచ్చిందట. క్షమాపణ లేదు. నేనూ ఎదురుచూడలేదు.

రెండో ప్రశ్నకి మాత్రం నా దగ్గర మంచి జవాబు లేదు. డబ్బాని లేపే ఫైలు పెట్టెలో దొరికిన సీడీలోది. మావ పాత డబ్బా కొన్నప్పుడు దాంతోపాటే వచ్చింది. సీడీని కంప్యూటర్లో పెడితే ముందుగా పొడుగాటి షరతుల కాగితం తెరుచుకుంటుంది, ఎవరూ చదవరు. నేను చదివాను. ఇందులోవి మా ప్రోగ్రాముతో మాత్రమే వాడాలి, ఇంకొకరికి నకలు ఇవ్వకూడదు అని ఉంది. తమ్ముడు దాన్ని అలాగే తీసి తన ఫైళ్ళతో కలిపి పంపేశాడు. పట్టిక కోసం పది పన్నెండు రోజులు కక్కుకుంటూ తిరిగినవాడు ఇక్కడ ఒప్పుకుంటున్నానని నొక్కి ముందుకెళ్ళిపోయాడు. అది చూసుకోలేదో, చూసి కూడా పరవాలేదనుకున్నాడో తెలీదు.

ఉన్నదున్నట్టు రాశాను. ఫైలు కంపెనీదే, పంచే హక్కు మాకు లేదు, తీసెయ్యండి అని. అలాగే చేస్తామన్నారు. డ్రైవర్ ఉంటుంది గాని, డబ్బాని లేపే ఫైలు ఎవరికి వాళ్ళు తమ సొంత సీడీలోంచి తెచ్చుకోవాలి.

మిగిలింది సంతకం. తమ్ముడికి పెళ్ళి కాలేదు. వాడి వారసురాలు అమ్మేనని మా షాపుకి వచ్చే వకీలు గుమాస్తా చెప్పాడు. వాళ్ళు పంపిన కాగితాన్ని తెలుగులోకి మార్చి, ప్రింటు తీసి ఇంటికి తీసుకెళ్ళాను. అమ్మ మధ్యాహ్నం అన్నం తిని గుమ్మంలో కూర్చుని ఉంది.

"అమ్మా, తమ్ముడు రాసిన డ్రైవరు ఒకటుంది. అది అందరికీ ఇవ్వడానికి నువ్వు ఒప్పుకోవాలంట."

"డ్రైవరేటి? ఏ బండికి?"

"బండికి కాదు. మావ డబ్బా లేదూ, అది కంప్యూటర్లో పని చెయ్యడానికి రాశాడు."

"ఆడు రాసిందేనా?"

"వాడు రాసిందే."

"ఇచ్చీమని ఆడే పంపినాడు కదా. మళ్ళీ నన్ను ఏటికి అడగడం?"

"ఇస్తున్నానని కాగితం మీద రాయలేదమ్మా. అందుకు."

అమ్మ కాగితం తీసుకుని చూసింది. కూడబలుక్కుని చదువుతుంది. వాడి పేరు దగ్గర ఆగి, మళ్ళీ చదివింది.

"ఇది ఇచ్చీస్తే మరి మనకి ఉండదేటి?"

"ఉంటుంది. ఎంతమందికిచ్చినా మన దగ్గర ఉంటుంది. వాడి పేరు కూడా పైన ఉంటుంది."

"అలాటిదైతే ఒప్పుకోడానికేటి" అంది. సంతకం పెట్టింది. రెండు అక్షరాలు కలిసిపోయాయి గాని పేరు తెలుస్తోంది. పెన్ను ఇచ్చేసి, "బోటెక్కలేనోడు" అంది. అక్కడే గోడకి జారబడి ఏడ్చింది. ఆరేడు నెలల తర్వాత అమ్మ మళ్ళీ అంత ఏడవడం అదే. నేను పక్కన కూర్చున్నాను. వీపు మీద చెయ్యి వేశాను. నా కళ్ళు పొడిగానే ఉన్నాయి. అమ్మ నా మొహం చూసింది. చీర చెంగు తీసి, ఏడవని నా మొహం కూడా తుడిచింది.

కాగితం స్కాన్ చేసి పంపిన నెలకి డ్రైవర్ కలిసింది. నేను ఆ పేజీ తెరిచి చూశాను. పైన తమ్ముడి పేరు, దాని కింద హక్కులు అమ్మవి అని అమ్మ పేరు, దాని కింద షరతులు. పద్నాలుగో బార దగ్గర వాళ్ళు అంకె సరిదిద్దారు. మావకి చెప్తే, "మంచిదే" అన్నాడు. ఆయన లాప్‌టాప్‌లో తమ్ముడు పెట్టి ఇచ్చిన పాతదే నడుస్తోంది, కొత్తది అక్కర్లేదు.

తర్వాత కొన్నాళ్ళకి, డ్రైవర్ పేజీలో చూసి, తమ్ముడి మెయిల్‌కి ఒకతను రాశాడు. తమిళనాడు వైపు రేవులో వేట చేసుకునేవాడు, వాళ్ళ అమ్మాయి చేత ఇంగ్లీషులో రాయించాడు. డబ్బా పాతది కొన్నాను, సీడీ లేదు, మీ డ్రైవర్ పెడితే ఫైలు దొరకలేదని చెప్తోంది, దయచేసి ఆ ఫైలు పంపుతారా అని. ఫైలు నా ముందే ఉంది. పంపడానికి రెండు క్లిక్కులు.

మావని అడిగాను.

"ఇచ్చీరాదేటి? ఆడూ మనలాటోడే కదా."

"ఇవ్వకూడదు మావా. కంపెనీది."

"ఎవులు సూస్తారు?"

"ఎవరూ చూడరు."

"మరి?"

తమ్ముడి పేరు మీద ఒకసారి దొంగ అన్న మాట పడింది, అది తుడవడానికి ఒక పుస్తకం, ఒక తప్పు అంకె కావాల్సి వచ్చాయి. మళ్ళీ అలాంటిది పడకూడదు. అంతే నా లెక్క. కానీ ఆ రేవులో మనిషికి ఈ లెక్కతో పనేముంది? క్షమించండి, ఫైలు మా చేతిలో లేదు, కంపెనీని అడగండి అని రాశాను. మా చేతిలో లేదన్నది అబద్ధం, చేతిలోనే ఉంది. పంపాక ఆ మాట చూసుకుని, మళ్ళీ ఇంకో మెయిల్ రాశాను. డ్రైవర్ రాసింది మా తమ్ముడు, వాడు లేడు, ఫైలు నా దగ్గరుంది, ఇచ్చే హక్కు లేదు అని. కంపెనీ తనకి జవాబివ్వలేదని, పరవాలేదమ్మా అని వాళ్ళ అమ్మాయి రాసింది. మీ తమ్ముడు బాగా రాశాడని మా నాన్న అన్నారు అని కూడా రాసింది. ఆ లైను చదివినప్పుడు షాపులో ఎవరో జెరాక్స్ కోసం నిలబడి ఉన్నారు. ఒక్క నిమిషం ఆగమన్నాను. ఒక్క నిమిషం కంటే ఎక్కువే పట్టింది.

ఆ ఒక్క ఫైలుని ఎవరైనా పంచుకోవచ్చని అనుమతి ఇవ్వండి, మీరు ఆ డబ్బాలు చెయ్యడం ఎలాగూ మానేశారు కదా అని కంపెనీకి ఇప్పుడు నేనే రాస్తున్నాను. నాలుగుసార్లు రాశాను. మీ ఉత్తరం అందింది అని ప్రతిసారీ మిషను పంపే జవాబు వస్తుంది. మొదటి మూడు ఉత్తరాల్లో నా ఇంగ్లీషు దరఖాస్తు లాగా ఉంది. నాలుగో దాంట్లో రేవులో ఉన్న ఆ మనిషి గురించి, మా తమ్ముడి గురించి నాలుగు మాటలు రాశాను. అదింకా మనిషి చేతికి చేరినట్టు లేదు. వచ్చే నెల మళ్ళీ రాస్తాను.